సులువని రాసిన జ్ఞానదంతం

మూతకు 31 రోజులు

పొద్దుటి నుంచి తొమ్మిది నోళ్లు చూశాను. ఏడుగురికి చీటీ ఇచ్చాను, ఇద్దరిని పన్ను తీసిన గాయం మానేదాకా ఆపాను. ఆపిన ఇద్దరూ నన్ను తిట్టుకుంటూ వెళ్లారు. నోట్లో దూది ఉండబట్టి ఆ తిట్లు సరిగా వినపడలేదు. ఈ రోజుకి నాకు కలిసొచ్చింది అదొక్కటే.

నేను ఈ గుహకి పళ్ల డాక్టర్ని. పేరు మద్దిలేటి. నా చీటీ లేకుండా ఇక్కడ ఎవరికీ నిద్రసూది వేయరు. ఏడాదిలో మిగతా రోజులు నన్ను చూసి పక్కకి తప్పుకునేవాళ్లు, తలుపు మూసే రోజు దగ్గర పడేసరికి "బాగుండావా సార్" అని ఎదురొచ్చి పలకరిస్తారు. పైన ఇప్పటికే నలభై ఏడు డిగ్రీలు. ఇంకో నెలకి అరవై దాటుతుంది. అప్పుడు తలుపు మూసి మూడు వందల మందిమీ ఏడు నెలలు పడుకుంటాం. వానలు పడ్డాక లేస్తాం. ఆ నిద్రలో ఒళ్లు చల్లబడుతుంది, రక్తం నత్తలా నడుస్తుంది. చీము మాత్రం ఎవరి మాటా వినదు. నోట్లో వాపుతో పడుకున్నవాళ్లు ఇంతవరకూ లేవలేదు. అందుకని ఈ చీటీ.

దాదాపు అందరిదీ ఒకటే జబ్బు. కిందికి దిగినప్పటి నుంచి మూడు తరాలుగా కొర్రజావ తాగి బతుకుతున్నాం. నమిలే పని లేని దవడ ఎందుకు పెరుగుతుంది? దవడలు చిన్నవైపోయాయి, జ్ఞానదంతాలు మాత్రం తాతల కొలతల్లోనే వస్తున్నాయి. చోటు చాలక కొన్ని ముందుకి వాలతాయి, కొన్ని అడ్డంగా పడుకుంటాయి, కొన్ని ఎముకలోనే ఉండిపోయి అక్కడి నుంచి సతాయిస్తాయి.

వాళ్లందరి తర్వాత సుంకులమ్మ వచ్చింది. మా అక్క కూతురు. ఇక్కడ వయసు మేలుకువల్లో చెబుతాం, ఏడాదికి ఒకటి. తనకిది ఇరవై ఒకటోది. గాలి గొట్టాల్లో దూరి ఫ్యాన్లు శుభ్రం చేసే పని తనది. కుర్చీలో కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"మామా, ఈసారన్నా తీస్తావా, లేకుంటే ఉప్పునీళ్లు పుక్కిలించి పొమ్మంటావా?"

"ముందు నోరు తెరువు."

"తెరిస్తే మాట్లాడేకి కాదు. నీకు కావాల్సింది గూడా అదే గదా."

కింది దవడ, కుడి వైపు. చిగురు కప్పుకుని సగమే పైకి వచ్చింది. పెట్టెలోంచి తన ఎక్స్‌రే ఫిల్మ్ తీశాను. మూడు మేలుకువల కిందటిది. కొత్త ఫిల్ములు పదకొండే మిగిలాయి, వాటిని గడ్డు కేసులకి దాచుకోవాలి. అయినా మూడు మేలుకువలంటే కళ్లు తెరుచుకుని బతికింది పదిహేను నెలలే. పిల్లలు నిద్రలో పెరుగుతారు గానీ, ఎదిగినవాళ్లకి ఏదీ మారదు. పాత ఫిల్మునే ముందు పెట్టుకుని, పన్ను తీయడం ఎంత కష్టమో మార్కులు వేసే కష్టం పట్టీ నింపాను. పన్ను కొంచెం ముందుకి వాలింది, ఒకటి. పక్క పన్ను నడుము దాకా లోతులో ఉంది, ఒకటి. వెనక చోటు ఇరుకు, ఒకటి. వేళ్లు మూడింట రెండు వంతులే వచ్చాయి, కొనలు ఇంకా మూసుకోలేదు, కింది నరానికి దూరంగా ఉన్నాయి, సున్నా. లేత ఎముక, సున్నా. మొత్తం మూడు.

పట్టీలో మూడు వరకూ సులువు. నాలుగు నుంచి ఆరు మధ్యస్థం. ఏడు, ఆపైన గడ్డు. గడ్డువాటికి గాయం మానడానికి ఎక్కువ రోజులు కావాలి కాబట్టి వాటిని ముందు తీస్తాం. సులువైనవి వారంలో మానతాయి కాబట్టి చివర. మా గురువు పెట్టిన పద్ధతి ఇది, నేను ఎప్పుడూ తప్పలేదు. సుంకికి మూతకు తొమ్మిది రోజుల ముందు తేదీ పడింది.

"సులువా? ఇంత నొప్పి పెట్టేది సులువా?" అంది.

"నొప్పి నీది, సులువు నాది" అన్నాను. తను నవ్వింది. వచ్చే మేలుకువలో పైన విత్తనాలు వేసే జట్టులో తన పేరు వచ్చిందని చెప్పి వెళ్లింది. మా ఇంట్లో ఎవరూ ఇంతవరకూ నేల మీద ఒక గింజ వేసి ఎరగరు.

మూతకు 26 రోజులు

ఈ రోజు ఈరన్నది తీశాను. తొమ్మిది మార్కులు. పన్ను అడ్డంగా పడుకుని పూర్తిగా ఎముకలో ఉంది. వేళ్లు రెండూ రెండు దిక్కులకి వంగాయి. మనిషికి నలభై దాటాయి, ఎముక డ్రిల్లుకి లొంగలేదు. బుగ్గలు లావు, నాలుక పెద్దది, దీపం వెలుతురు లోపలికి పోనే పోదు. పట్టీలో రాయనివి కూడా కొన్ని ఉంటాయి. మనిషి భయం, నా మెడ నొప్పి, డ్రిల్లు మొన అరిగిపోయిన సంగతి. పన్ను మూడు ముక్కలుగా కోసి తీసేసరికి గంటా నలభై నిమిషాలు. అది అయ్యాక నేను గది మధ్యలో నిలబడి కాసేపు మురిసిపోయాను. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

హుసేనమ్మ నా చెమట తుడుస్తూ పక్కనే నిలబడింది. నాకు నర్సు ఆమే. మూత పడ్డాక మేలుకుని ఉండే ఇద్దరు కావలి మనుషుల్లోనూ ఆమె ఒకరు. కొందరి ఒంటికి నిద్రసూది పని చేయదు. అలాంటివాళ్లనే కావలికి పెడతారు. ఏడు నెలలూ వాళ్లు మా మంచాల మధ్య తిరుగుతూ పంపు తిప్పుతారు, వేడి చూసుకుంటారు. ఆ నెలల్లో ఏం చూశారో వాళ్లని అడగకూడదు. అడిగితే పడుకున్నవాళ్లకి ఆయుష్షు తగ్గుతుందని ఇక్కడి నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. కానీ నేనూ ఎప్పుడూ అడగలేదు.

అక్క ఓబులమ్మ జావ పట్టుకుని వచ్చింది. జావ ఒక సాకు.

"సుంకిది ముందర తీయి రా. రెండు దినాలనుంచి సరిగ్గా తాగడం లే, దవడ పట్టుకోని కూచుంటాంది."

"అక్కా, దానిది మూడు. ఇప్పుడు తీసినానే, ఈరన్నది తొమ్మిది. నాకు నేర్పొద్దు."

"నేర్పను లే నాయనా. నీ చేతిలో పెట్టినా, అంతే."

మూతకు 17 రోజులు

సుంకి మళ్లీ వచ్చింది. నోరు తెరవమంటే మూడు వేళ్లు పట్టాల్సిన చోట రెండే పట్టాయి. పన్ను మీది చిగురు ఎర్రగా ఉబ్బి ఉంది. కింద ఇరుక్కున్న జావ తుడిచి, ఉప్పునీళ్లతో కడిగాను. తను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది కానీ గొంతు ఎత్తలేదు.

నోరు తెరుచుకోకపోవడం కూడా పట్టీలో ఉన్నదే. దానికి ఒక మార్కు. అంటే మూడు నాలుగవుతుంది, సులువు మధ్యస్థమవుతుంది, తేదీ ఐదు రోజులు ముందుకి జరుగుతుంది. కలం చేతిలోకి తీసుకున్నాను కూడా. జరపాలంటే ఎవరినో ఒకరిని వెనక్కి నెట్టాలి. మేనకోడలని ముందుకి జరిపాడంటారు. నిద్రశాల పెద్ద కంబగిరి ముందు ఆ మాట పడటం నాకు ఇష్టం లేదు. ఇరవై ఆరేళ్లుగా ఒక్క మనిషికి కూడా వరస తప్పించని డాక్టరునని నాకొక పేరుంది.

కలం కింద పెట్టేశాను. వాపు తగ్గితే నోరు అదే తెరుచుకుంటుందిలే అనుకున్నాను.

మూతకు 12 రోజులు

సుంకికి జ్వరం. మందు ఇచ్చాను. ఈ గుహలో ఆ మందు ఇక పదిహేను రోజులకి సరిపడానే ఉంది, అదీ ఒక్క మనిషికి. అక్క వచ్చి తలుపు దగ్గర నిలబడింది, ఏమీ అడగలేదు. తను అడిగి ఉంటే నేను కసురుకునేవాణ్ని, దానితో నా మనసు కొంచెం తేలికపడేది.

మూతకు 9 రోజులు

ఇరవై నిమిషాల పని అనుకున్నాను. రెండు గంటల యాభై నిమిషాలు పట్టింది.

మత్తు ఎక్కాక చిగురు కోసి తెరిచాను. పైనున్న ఎముక కొంచెం తీసి, పన్నుని ఎత్తే మీట, ఎలివేటర్, పెట్టి ఒత్తాను. లేత పన్ను అయితే ఆ ఒత్తిడికి తడి మట్టిలో మేకులా కదులుతుంది. ఇది కదల్లేదు. ఇంకొంచెం ఎముక తీశాను. కదల్లేదు. నా చేతుల్లో బలం తగ్గిందనుకున్నాను, డ్రిల్లు మొన అరిగిందనుకున్నాను. పన్ను మధ్యకి కోసి ముందు సగం పట్టి లాగితే పై భాగం ఒక్కటే విరిగి చేతిలోకి వచ్చింది. వేరు లోపలే ఉండిపోయింది.

వేరుకీ ఎముకకీ మధ్య ఉండాల్సిన సన్నని సందు లేదు. రెండూ అతుక్కుపోయాయి. చుట్టూ తవ్వుకుంటూ దిగాను. పొట్టిగా ఉండాల్సిన వేరు దిగుతూనే ఉంది. కింద వెనక్కి కొక్కెంలా తిరిగింది. అరిగిన మొనతో తవ్వేసరికి ఎముక వేడెక్కి కాలిన వాసన వచ్చింది. హుసేనమ్మ నీళ్లు పోస్తూనే ఉంది. మూడోసారి మత్తు ఇచ్చాను. ఒక చోట మొన తగలగానే సుంకి ఒళ్లంతా ఎగిరిపడింది. గడ్డం దాకా నిప్పు పాకినట్టయిందని తర్వాత చెప్పింది. అక్కడ ఉన్నది నరం. ఫిల్ములో అది చాలా దూరంగా ఉంది.

"సార్, ఇంగ చాలు" అంది హుసేనమ్మ. "బిడ్డ తట్టుకోలేదు."

గోరంత వేరు ముక్క లోపలే వదిలేసి కుట్లు వేశాను.

మత్తు దిగే లోపే తను దూది పక్కకి తోసి మాట్లాడింది. "మామా, నా పెదవి యాడ పెట్టినావు? కనబడడం లే."

"జేబులో వేసుకున్నా. పో, పడుకో."

తను వెళ్లాక విరిగిన పన్ను ముక్కలని బల్ల మీద పేర్చి కొలుస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం చూడాల్సిన ఆరుగురిని హుసేనమ్మ వెనక్కి పంపేసింది.

మూతకు 8 రోజులు

కొత్త ఫిల్మ్ తీశాను. మొన్నే తీయాల్సింది.

రెండు ఫిల్ములూ దీపం ముందు పక్కపక్కన పెట్టి చూశాను. లోపల మిగిలిన ముక్క చుట్టూ ఎముక తెల్లగా గట్టిపడి ఉంది. వేరు పదిహేను నెలల పెరుగుదల కాదు. పూర్తిగా మూడేళ్లు ఆగకుండా పెరిగింది. దాని కొన నరం గొట్టం మీద కూర్చుని ఉంది. సరైన లెక్కన పట్టీ మళ్లీ నింపితే ఎనిమిది వచ్చింది. మూడు కాదు, ఎనిమిది. ఈరన్న తర్వాత కుర్చీ ఎక్కాల్సిన పిల్ల.

హుసేనమ్మ పనిముట్లు ఉడకబెడుతోంది.

"హుసేనమ్మా, ఒకటి అడుగుతా. అడగకూడనిదే."

ఆమె మంట తగ్గించింది. "అడుగు సార్."

"నిద్రలో మా ఒళ్లు ఆగిపోతాదా?"

"మీ గోళ్లు యాడికి పోతాయనుకుంటాండావు సార్?" అంది. నా వైపు చూడలేదు. "మూడు నూర్ల మందికి గోళ్లు కత్తిరించేది నేనే. ఎంటికలు గూడా. తలుపు తీసేముందు అందర్నీ కడిగి, తుడిచి, పడుకున్నెప్పుడు ఎట్లుండారో అట్ల పెడతాం. ముందర కావలున్నోళ్లు నాకు అట్లనే నేర్పినారు. మీరు బెదరకుండా లేయాలంట."

"ఎందుకు చెప్పలేదు?"

"ఎవురడిగినారు?"

మా గురువు కూడా పళ్లు అనుకున్నదానికంటే గట్టిగా వస్తే తన చేతులనే తిట్టుకునేవాడు. అరిగిన మొనలని తిట్టేవాడు. నేనూ అదే చేశాను. ఏటా నా గోళ్లు కత్తిరించే మనిషి ఇరవై ఏళ్లుగా నా పక్కనే నిలబడి నా చెమట తుడుస్తోంది. నేను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

మూతకు 6 రోజులు

సుంకి కుడి బుగ్గ ఉబ్బింది. నోరు ఒక్క వేలు పట్టేంతే తెరుచుకుంటోంది. పెదవికి స్పర్శ రాలేదు. మందు రెట్టింపు చేశాను.

ఫిల్ముల సంగతి కంబగిరికి చెప్పాను. నిద్రసూదులూ మంచాలూ అన్నీ ఆయన చేతిలో ఉంటాయి, ఎవరు పడుకోవాలో ఎవరు ఆగాలో చివరి మాట ఆయనదే. రెండు ఫిల్ములూ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆయనకి వాటిలో ఏమీ తెలియదు, నా మొహంలో ఉన్నది మాత్రం తెలిసింది.

"డాక్టరూ, ఇది బయట చెప్పొద్దు. నిద్రలో ఆయుష్షు కరగదు అనుకోనే జనం సూదికి చెయ్యిస్తాండారు. అది గూడా కరుగుతాదంటే ఎవురు పడుకుంటారు? పడుకోకుంటే ఎట్ల బతుకుతారు?"

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. కోపం మాత్రం వచ్చింది. ఆయన మీదో, నా మీదో తెలియని కోపం.

మూతకు 4 రోజులు

దవడ కింద చీము చేరింది. బయటి నుంచి కోసి, గొట్టం పెట్టాను. చాలా వచ్చింది. లోపల ఆ వేరు ముక్క ఉన్నంతకాలం వస్తూనే ఉంటుంది. అది తీయాలంటే దవడ ఎముక సగం తెరవాలి. అలా తెరిస్తే మానడానికి కనీసం నలభై రోజులు కావాలి. నాకున్నవి నాలుగు.

కంబగిరి దగ్గరికి మళ్లీ వెళ్లాను. సుంకిని పడుకోబెట్టకుండా కావలివాళ్లతో మేలుకుని ఉండనిమ్మన్నాను. హుసేనమ్మ తన నీళ్లలో సగం ఇస్తానంది. ఆయన కసురుకోలేదు, అదే నన్ను భయపెట్టింది. పలక తీసి లెక్క వేసి చూపించాడు. మూత పడ్డాక వేరుగా ఉండే నీళ్లు ఏడు నెలలకి ఇద్దరికే, అదీ బొటాబొటిగా, చాలతాయి. మిగతావన్నీ నిద్రశాల గోడల చుట్టూ తిరిగే నీళ్లు, వాటిని ముట్టుకుంటే మూడు వందల మందీ ఉడికిపోతారు. ముగ్గురు తాగితే నాలుగున్నర నెలలకి అయిపోతాయి. ఆ తర్వాత పంపు తిప్పడానికి ఎవరూ ఉండరు.

"నాకు గూడా కూతుర్లుండారు డాక్టరూ" అన్నాడు. పలక తుడిచేశాడు.

చీటీ దొరకనివాళ్లు తలుపు అవతల పై గదిలో ఉండిపోవాలి. ఇక్కడి నియమం అది. ఎండ ముదిరాక ఆ గదిలో మనిషి మూడు రోజులు ఉండలేడు. నా ఇరవై ఆరేళ్లలో అలా నలుగురిని ఆపాను. నలుగురి పేర్లూ నాకు గుర్తున్నాయి.

మూతకు 2 రోజులు

అక్క వచ్చింది. ఈసారి జావ తేలేదు.

"మూడు అన్నావు గదరా" అంది. "నేను వచ్చి అడిగితే మూడు అన్నావు. నాకు నేర్పొద్దన్నావు."

నిద్ర గురించీ పంటి వేళ్ల గురించీ గోళ్ల గురించీ అంతా చెప్పాను. అదంతా నిజమే. కానీ దాని నోరు రెండు వేళ్లే తెరుచుకున్న రోజున కలం పట్టుకుని కింద పెట్టింది నేను. దానికి ఏ నిద్రా అడ్డం రాలేదు. ఆ సంగతీ అక్కకి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. నా కుర్చీలో, రోగులు కూర్చునే కుర్చీలో, కూలబడి ఏడ్చింది. చిన్నప్పుడు నాకు పళ్లు తోమిన మనిషి ఆమె.

"గోళ్లు పెరుగుతాయంటివి గదా" అంది కాసేపటికి. "అట్లయితే గాయం గూడా మానొచ్చు గదరా."

ఆ ఆలోచన నాకూ వచ్చింది. మొన్నటి నుంచి దాన్నే పట్టుకుని వేలాడుతున్నాను. "హుసేనమ్మను అడుగుతా" అన్నాను.

మూతకు 1 రోజు

అడిగాను.

హుసేనమ్మ చాలాసేపు చేతులు తుడుచుకుంది. "ముగ్గుర్ని చూసినా సార్. నోటి వాపు దాచిపెట్టి, మీకు తెలీకుండా పడుకున్నోళ్లు. గోళ్లు పెరిగినాయి. గాయం మానలే. వాపు మాత్రం పెరిగింది."

"ఎన్ని దినాలున్నారు?"

"ఒగరు ఇరవై. ఇద్దరు నెల."

సుంకి మంచం దగ్గరికి వెళ్లాను. గొట్టం చుట్టూ కట్టు తడిసి ఉంది. జ్వరంలో కళ్లు మెరుస్తున్నాయి. పెదవి ఒక వైపు పని చేయక మాట ముద్దముద్దగా వస్తోంది. అయినా నాకు ప్రతి ముక్కా అర్థమైంది.

"మామా, నిజం చెప్పు. పడుకుంటే లేస్తానా?"

అబద్ధం సిద్ధంగానే ఉంది. రోజుకి ఇరవై మందికి ఏమీ నొప్పి ఉండదని చెప్పే నోరు నాది.

"లేవవు" అన్నాను.

తను నా చెయ్యి పట్టుకుని మళ్లీ వదిలేసింది. తర్వాత మళ్లీ పట్టుకుంది.

"పై గది వద్దు. ఆ వేడికి నాకు బయం. సూదే వెయ్యి."

"సరే."

"అమ్మ పక్కన వద్దు మామా. లేస్తానే నన్ను చూస్తాది. నీ పక్కన వేయించు."

సరేనన్నాను. అంతకు ముందు ఏ రోగి ముందూ ఏడవలేదు, తన ముందు ఏడ్చాను. తను నా వేళ్లు నొక్కుతూ ఉంది, ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు నేను పిల్లలకి చేసినట్టు.

మూత రోజు

చీటీ రాశాను. పేరు సుంకులమ్మ. కింద "నోరు శుభ్రం, వాపు లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఇరవై ఆరేళ్లలో నేను రాసిన మొదటి దొంగ చీటీ ఇది. కంబగిరి చీటీ చదివాడు. కట్టు కట్టిన బుగ్గ చూశాడు. దాని మీంచి కారుతున్నదీ చూశాడు. చీటీ మడిచి మిగతావాటితో కలిపి పెట్టెలో వేసుకున్నాడు. నా మొహం చూడకుండా, "మంచం యాడ?" అని అడిగాడు.

"నా పక్కన."

సుంకి లేవదని అక్కకి నిన్నే చెప్పాను. ఈ పొద్దున కూతురి జుట్టు చిక్కు తీసి రెండు జడలు వేసింది. కట్టుకి తగలకుండా వేయడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఆవలి వరసలో తన మంచం మీదికి తనే నడిచి వెళ్లి చెయ్యి చాపింది. మా ఇద్దరిలో ఎవరికీ వీడ్కోలు చెప్పలేదు. తలుపు మూసిన చప్పుడు వినపడేసరికి అక్క నిద్రపోయింది.

సుంకికి నేనే సూది వేశాను. "మామా, ఇది సులువేనా?" అంది. అవునన్నాను. నవ్వబోయింది, సగం పెదవే కదిలింది. పది అంకెలు లెక్కపెట్టమన్నాను. ఏడు దాకా వినపడ్డాయి.

ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్నే. హుసేనమ్మ సూది పట్టుకుని నిలబడింది. రోజూ కట్టు మార్చమని చెప్పాను. దాని వల్ల ఏమీ ఒరగదని ఆమెకీ తెలుసు, అయినా తల ఊపింది. ఇంకొకటి అడిగాను. ఆచారం పక్కన పెట్టి, ఈ పిల్లకి ఏ రోజు ఏం జరిగిందో అంతా ఈ పుస్తకంలోనే రాసి పెట్టమన్నాను.

"రాస్తా సార్. సదవాల్సింది మీరే."

లేపేటప్పుడు డాక్టర్ని అందరికంటే ముందు లేపుతారు. నిద్రలో ఏడు నెలలు మాకు తెలియవు. ఇప్పుడు మూసిన కళ్లు మరుక్షణంలో తెరుచుకున్నట్టే ఉంటుంది. తను పోయేదాకా పక్కన కూర్చునే అదృష్టం కూడా నాకు లేదు. రెప్ప వాల్చి ఎత్తేసరికి అయిపోయి ఉంటుంది. అప్పుడు అక్కని లేపాల్సింది నేనే.

"సార్, చెయ్యియ్యి" అంటోంది హుసేనమ్మ. ఒక్క నిమిషం ఆగమన్నాను. కుడి చేత్తో ఇది రాస్తున్నాను. ఎడమ చేతిలో సుంకి చెయ్యి ఉంది. సూది వేసి అరగంట దాటింది. నిద్రశాలలో అందరి చేతులూ ఈపాటికి చల్లబడ్డాయి. తనది ఇంకా జ్వరంతో వెచ్చగానే ఉంది.